ఒక తాడు మందు

మొన్న మంగళవారం మా మందుల షాపుకి ఒక కంపెనీ రిప్రజెంటేటివు వచ్చాడు. మెడకి టై, చేతిలో తోలు పెట్టె. ఏలూరు ఎండకి ఆ టై కింద చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. టైఫాయిడు గొట్టాల (క్యాప్సూళ్ళని మేం గొట్టాలే అంటాం) డబ్బా ఒకటి కౌంటరు మీద పెట్టి, మూత మీద వేలితో రెండుసార్లు కొట్టి, "పది తీసుకుంటే పదకొండోది ఊరికే ఇస్తున్నామండి" అన్నాడు.

"ఎవరు చేసిన మందు ఇది?" అన్నాను.

"మేమేనండి. మన దేశంలోనే, మన ఫ్యాక్టరీలోనే."

"ఎప్పణ్ణుంచి చెయ్యడం వచ్చిందేమిటి మీకు?"

అతను నవ్వాడు. "రావడానికేముందండీ. పేటెంటు గడువు అయిపోయింది కదా. ఇప్పుడు ఎవరైనా చేసుకోవచ్చు."

ఎవరైనా చేసుకోవచ్చు! ఎంత తేలిగ్గా అనేశాడు. నిన్నటిదాకా నేరం, ఇవాళ పదికొకటి ఊరికే. మందు మారలేదు, జ్వరమూ మారలేదు. ఎక్కడో ఒక కాగితం మీద రాసిన తేదీ దాటిపోయింది, అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. అతని తప్పేమీ లేదు పాపం, అయినా ఆ టైని పట్టుకుని బయటికి లాగేద్దామనిపించింది. గొట్టాల మేష్టారు గుర్తొచ్చారు.

మేష్టారంటే బడిపంతులు కాదు. ఎవరికి ఏం అమ్మినా పాఠం చెప్పి మరీ అమ్మేవారు గనక మేష్టారు. గొట్టాల్లో మందు నింపేవారు గనక గొట్టాల మేష్టారు. అసలు పేరు నేనిక్కడ రాయను. ఆ పేరు ఒకసారి నా చేతి మీదుగా కాగితం ఎక్కి ఆయన్ని ముంచింది. రెండోసారి ఎక్కించను.

తాడేపల్లిగూడెంలో, యుద్ధం రోజుల్లో విమానాలు దిగడానికి వేసిన బాట పక్కన, మిలిటరీవాళ్ళు వదిలేసి పోయిన రేకుల షెడ్డు ఆయనది. మూడు చెక్కబల్లలు, ఒక తూకం, గాజు జాడీలు. బొంబాయి వర్తకుడొకడి ద్వారా ఇటలీ నుంచి పొడి తెప్పించి గొట్టాల్లో నింపేవారు. ఇటలీయే ఎందుకంటే ఆ దేశంలో మందుల మీద పేటెంటు లేదు. చేతనైనవాడు చేసుకుంటాడు, చవగ్గా ఇచ్చినవాడిది అమ్ముడవుతుంది. షెడ్డు వెనక భాగంలో ఇంకో పని నడిచేది. ఆ పొడిని కూడా ఇక్కడే తయారు చెయ్యాలని ఆయన పట్టు. "తొమ్మిది మెట్లండి. ఆరు ఎక్కాను" అనేవారు. ఏడో మెట్టు దగ్గర ఏణ్ణర్థంగా నిలబడి ఉన్నారు.

నా సంగతి కూడా చెప్పాలి. మా నాన్నది పచారీ కొట్టు. కందిపప్పు బస్తాల మధ్య పెరిగాను. నాకు నడక కంటే ముందు బేరం వచ్చింది. పెళ్ళిచూపుల్లో కాఫీ ఇస్తే కొసరు అడిగానని మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అది అబద్ధం. కానీ ఇంతవరకు విన్నవాళ్ళెవరూ అబద్ధమనలేదు.

అలాంటి నేను పెట్టిన మందుల షాపుకి ఒక మధ్యాహ్నం ఆయన మొదటిసారి వచ్చారు. మిలిటరీవాళ్ళది కాబోలు, భుజాల దగ్గర వెలిసిపోయిన ఖాకీ చొక్కా. ఒళ్ళో బిస్కెట్ల డబ్బా. ఆ డబ్బాని తాడేపల్లిగూడెం నుంచి ప్యాసింజరు బండిలో అలా ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చారట, కింద పెట్టకుండా. మూత తీసి, ధర చెప్పి, పైకప్పు వంక చూస్తూ కూర్చున్నారు. కంపెనీవారి గొట్టం ధరలో పావు వంతు! లాభం అక్కడికక్కడే లెక్క కట్టేశాను. కానీ నోరు దాని పని అది చేసింది.

"ఎక్కువండీ" అన్నాను.

ఆయన డబ్బా మూత పెట్టేశారు. "కంపెనీ గొట్టం ఎంతకు కొంటున్నారో మీకు తెలుసు. నాది తక్కువని తెలుసు. తెలిసి ఎక్కువన్నారు. అబద్ధం చెప్పేవాళ్ళతో నాకు పని లేదండి."

"అయ్యయ్యో, అది అబద్ధం కాదండీ బాబూ, బేరం!"

"రెండింటికీ తేడా ఏమిటో తీరిగ్గా ఆలోచించి కార్డు ముక్క రాయండి" అని లేచి వెళ్ళిపోయారు.

షాపు తెరిచి ఉంచి స్టేషనుకి పరుగెత్తాను. బండి ఎక్కబోతున్న మనిషిని పట్టుకుని, రొప్పుతూ, "మీరు చెప్పిన ధరకే తీసుకుంటానండి" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం అదే మొదటిసారి. సంగతి తెలిసి మా నాన్న ఆ పూట భోజనానికి లేవలేదు.

ప్రతి విడత సరుకులోంచీ ఒక గొట్టం విప్పి, పొడి చిటికెడు తీసి ముందు తన నాలిక మీద, తరవాత నా నాలిక మీద వేసేవారు. ఆ చేదు సాయంత్రం దాకా వదిలేది కాదు. "ఇప్పుడు కంపెనీవారిది వేసుకోండి" అనేవారు. అదీ అంతే చేదు. "తేడా ఉందా?" "లేదండీ." "డాక్టర్లకి కూడా ఇలాగే చెప్పండి. మాటలు నమ్మరు, నాలిక నమ్ముతారు." ఊళ్ళో ఇద్దరు డాక్టర్లు నా వల్ల ఆ చేదు మింగి, ఆ రోజు నుంచీ దూరాన నన్ను చూస్తే రోడ్డు మారేవారు. మందు మాత్రం రాసేవారు.

ఇక ఆయన లేబుళ్ళు. మందు సీసా మీద పేరు, మోతాదు ఉంటే చాలదా? ఆయనకి చాలదు. పొడి ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎవరు నింపారో, ఏ కంపెనీ మందుతో సమానమో, ఎన్నాళ్ళకి పాడవుతుందో అన్నీ తెలుగులో అచ్చువేయించేవారు. "ఇంత నిజం సీసాకి మంచిది కాదండి" అని మొత్తుకున్నాను. "ఇది నేను కనిపెట్టింది కాదండి. దాచిపెట్టిందీ కాదు" అనేవారు. రోజుకోసారైనా ఆ మాట అనకుండా ఉండేవారు కాదు.

ఆయన ఒంటికి ఎప్పుడూ స్పిరిటు వాసన. చేతులు, తూకం, బల్ల అన్నీ దాంతోనే తుడిచేవారు. అవి మద్యనిషేధం రోజులు. ఒకసారి బండిలో కానిస్టేబులొకడు ఆ వాసన పట్టి, భీమడోలులో దింపేసి, "ఊదండి" అన్నాడట. మేష్టారు ఊదలేదు. ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి స్పిరిటు ఎన్ని రకాలో, ఏది తాగితే కళ్ళు పోతాయో, ఏది చేతులకి రాస్తే పురుగు చస్తుందో ఒక్కటీ వదలకుండా చెప్పారు. బండి వెళ్ళిపోయింది. తరవాతి బండి వచ్చేసరికి ఆ కానిస్టేబులే డబ్బా మోసుకొచ్చి, చోటు చూసి కూర్చోబెట్టి, "మీకు దణ్ణం పెడతానండి, ఇంక నన్నొదిలెయ్యండి" అన్నాడట. ఇది ఆయన నవ్వకుండా చెప్పేవారు. మాకు కడుపు చెక్కలయ్యేది.

తాడు సంగతి ఇలా మొదలైంది. కొల్లేటి లంకనుంచి ఒకామె మా షాపుకి వచ్చింది. చేపలు పట్టుకునే ఇల్లు. అంతకు రెండు నెలల ముందు, మేష్టారి మందు ఇంకా మా షాపుకి రాకముందు, ఆమె మొగుడికి టైఫాయిడు వస్తే తాటిదోనె అమ్మేసి నా దగ్గరే కంపెనీ గొట్టాలు కొంది. దోనె మొత్తం అమ్మినా సగం రోజులకే సరిపోయాయి. గొట్టాలు విడిగా లెక్కపెట్టి పొట్లం కట్టి ఇచ్చింది నేనే. మేం పచారీవాళ్ళం కదా, ఏదైనా విడిగా అమ్మడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. సగం మందుకి జ్వరం తగ్గింది. తగ్గిందని ఊరుకున్నారు. మళ్ళీ తిరగబెట్టింది. ఈసారి అమ్మడానికి దోనె లేదు.

ఆమె దెబ్బలాడ్డానికి రాలేదు. మెట్టు కింద నిలబడి, "మందు మంచిదేనాండి బాబుగారూ?" అని అడిగింది. "సగం కొన్నామండి. సగం మంచి సేసింది. మందు మంచిదేనని మా అత్తతో సెప్పాలండి, నమ్మట్లేదు. నకిలీ మందు కొన్నానంటంది."

ఆ వేళ మేష్టారు షాపులోనే ఉన్నారు. లేచి, ఆమెను పైకి పిలిచి, స్టూలు వేశారు. "మందు మంచిదేనమ్మా. సగం అమ్మినవాళ్ళది తప్పు" అన్నారు నా ఎదుటే. తరవాత నావైపు తిరిగి, "ఈ క్షణం నుంచీ నా మందు విడిగా అమ్మితే మీ గుమ్మం తొక్కను" అన్నారు.

చదువు రాని ఇంట్లో రోజుకి నాలుగు పూటలు, పన్నెండు రోజులు, జ్వరం తగ్గినా మానకూడదు అని ఎలా చెప్పడం? ఆయన ఆమెనే అడిగారు. ఆమె కొంగున ముడేసి ఉన్న పురికొస తీసింది. వలలు, చేపలు పట్టే మావులు కట్టే పురికొస. మా ఇంట్లోనూ పొట్లాలకి అదే వాడతాం. కానీ పచారీ ముడి కొస పట్టి లాగితే ఊడిపోయేది. ఆమె వేసిన ముడి తడిసేకొద్దీ బిగుసుకునేది. ఒక్కో పూట మందు ఒక్కో చిన్న పొట్లం. పొట్లానికొక ముడి, నాలుగింటికి ఒక పెద్ద ముడి. పెద్ద ముడి దాటితే ఒక రోజు దాటినట్టు. తాడు చివరిదాకా అయితే గాని మందు అయినట్టు కాదు. "తాడు మజ్జలో తెంపితే వల పనికి రాదు కదాండి, ఇదీ అంతేనని మావోళ్ళకి సెప్పుకుంటానండి" అంది.

మేష్టారు ఆ ముడి నేర్చుకోవడానికి మూడు గంటలు పట్టింది. బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివిన మనిషి, ఆమె వేళ్ళ వంక బడిపిల్లాడిలా చూస్తూ కూర్చున్నారు. అలా కట్టిన మొదటి తాడు ఆమె మొగుడికే వెళ్ళింది. ఆ పైవారం నుంచి మందు తాళ్ళుగా వచ్చింది. ఒక్కో తాడు ఒక్కో పూర్తి వైద్యం. షాపు గోడకి మేకు కొట్టి వేలాడదీశాను. లంకలవాళ్ళు వచ్చి, "ఒక తాడు మందు ఇయ్యండి బాబుగారూ" అనేవారు. ఇప్పుడు ఒక తాడు కొనడానికి దోనె అమ్మక్కర్లేదు. ఒక మంచి వారం దొరికిన చేపలు చాలు. ఆ ఏడాది నేను ఎన్ని తాళ్ళు ఇచ్చానో నాకు జ్ఞాపకం లేదు. మళ్ళీ సగం మందు కోసం వచ్చినవాళ్ళు మాత్రం లేరు. అది బాగా జ్ఞాపకం.

తరవాత నోటీసు వచ్చింది.

కలకత్తా ప్లీడర్ల దగ్గర్నుంచి, దళసరి కాగితం మీద, ఆయనకొకటి, అమ్మినందుకు నాకొకటి. దాంతోపాటు ఆయన లేబులే ఒకటి గుండుసూదితో గుచ్చి పంపారు. ఆ మందు మీద సముద్రాల అవతలి కంపెనీకి పేటెంటు ఉందట. ఇటలీ నుంచి పొడి తేవడం నేరం, ఇక్కడ నింపడం నేరం, నేను అమ్మడం నేరం. షెడ్డు వెనక ఆ తొమ్మిది మెట్లూ ఎక్కి రేపు పొడి తానే తయారు చేసినా అదీ నేరమే.

నేను వ్యాపారిని. కనిపెట్టినవాడికి లాభం దక్కకూడదని నేనెందుకంటాను? దక్కనివ్వండి. కానీ ఈ వ్యాపారం ఎలాంటిదో వినండి. మా వీధిలో వాడు కొట్టు తెరవడు. ఇంకెవర్నీ తెరవనివ్వడు. సరుకు ఓడలో తెస్తాడు. ఆ సరుకే తన దేశంలో ఒక ధరకి, మా దేశంలో దానికి మించిన ధరకి అమ్ముతాడు. కొనలేనివాణ్ణి చావమంటాడు. ఎవరైనా చవగ్గా ఇస్తే కోర్టుకి లాగుతాడు. మా నాన్న కొట్లో ఏ వర్తకుడైనా ఇలా చేసి ఉంటే ఊరు ఊరంతా కర్రలు పట్టుకుని వచ్చేది. దీనికేమో చట్టం కాపలా! ఆ చట్టం ఎవరు రాశారు? మనల్ని ఏలిన దొరలు, వాళ్ళ సరుకు కోసం. జెండా దించాం, పటాలు దించాం, దొరల్ని ఓడెక్కించాం. ఆ చట్టాన్ని మాత్రం దుమ్ము దులిపి, బీరువాలో భద్రంగా పెట్టి, మనవాళ్ళ మీదే అమలు చేసుకుంటున్నాం.

మేష్టారు భయపడలేదు. చట్టంలో ఒక సందు ఉందని కనిపెట్టారు. జనానికి మందు అందడం లేదని రుజువు చేస్తే, పేటెంటు ఉన్నా తయారీకి లైసెన్సు ఇవ్వమని సర్కారుని అడగవచ్చు. కలకత్తాలో ఉన్న ఆఫీసుకి అర్జీ పెట్టుకోవాలి. నెల్లాళ్ళు కూర్చుని అర్జీ రాశారు. ఏలూరు ప్లీడరుగారు, చాదస్తం లేని మనిషి, అది చదివి, "బలంగా ఉందండి. కానీ అది వినేదాకా మీరు నోటీసుకి జవాబు ఇవ్వకండి. మీరు అమ్మారని వాళ్ళు కోర్టులో రుజువు చెయ్యాలి. వట్టి లేబులు ఎవడైనా అచ్చువేయిస్తాడు. సాక్షుల్ని తేవాలి, ఏడాది పడుతుంది. ఆలోగా అర్జీ తేలుతుంది. ఒక్క అక్షరం కాగితం మీద పెట్టకండి ఇద్దరూ" అన్నారు. ఇద్దరూ అన్నప్పుడు నన్నే చూశారు.

నేను విన్నాను. తల ఊపాను. ఇంటికి వచ్చి ఆ నోటీసు మళ్ళీ చదివించుకున్నాను.

చదివించుకుంటే నాకేమనిపించిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గు. "వెంటనే ఆపాలి, సరుకంతా అప్పగించాలి, నష్టపరిహారం ఇవ్వాలి, క్షమాపణ చెప్పాలి" అని ఉంది. మా కొట్లో ఎవరైనా మొదటి మాటే అంత పెద్దగా అడిగితే దానర్థం ఏమిటి? దిగుతాడని! ఇంతెత్తున మొదలుపెట్టాడంటే మధ్యలో తెగడానికి సిద్ధంగా ఉన్నాడని. ప్లీడరుగారికి చట్టం తెలుసు గాని బేరం తెలియదు, మేష్టారికి అసలే తెలియదు, ఈ పని నాలాంటివాడే చెయ్యాలి అనుకున్నాను. రిటైరయిన హెడ్డుగుమాస్తా ఒకాయన్ని కూర్చోబెట్టి ఇంగ్లీషులో ఉత్తరం రాయించాను. "అయ్యా, మేము తమరి మందును ఇటలీ పొడితో నింపి అమ్ముచున్న మాట వాస్తవమే. అయినను పట్నములన్నియు తమరికి వదిలెదము. కొల్లేటి లంకలు మాత్రము మాకు వదలవలెను. తాడు ఒక్కింటికి తమరికి కొంత వాటా ముట్టచెప్పెదము." కింద మా ఇద్దరి తరఫున అని ఇద్దరి పేర్లూ వేయించి సంతకం పెట్టాను. వాళ్ళు లంకల్లో సగం అంటారు, నేను గట్టిగా లాగితే లంకలన్నీ వచ్చి, పైన భీమడోలు కూడా కొసరుగా పడుతుందని లెక్క వేశాను. మేష్టారికి చెప్పలేదు. బేరం తెగాక చెబితే ఆశ్చర్యపోతారని.

జవాబు రాలేదు. ఏలూరు కోర్టులో దావా పడింది. వాళ్ళు తెచ్చిన సాక్షి ఒక్కడే. నా ఉత్తరం.

కంపెనీ తరఫు వకీలు దాన్ని నిదానంగా, ప్రతి మాటా విడదీసి చదివాడు. "వాస్తవమే" అన్న దగ్గర ఆగి జడ్జీగారి వంక చూశాడు. మా ప్లీడరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు, తల ఎత్తలేదు. అర్జీ సంగతి కలకత్తాలో తేలినప్పుడు చూసుకోవచ్చు, ఒప్పుకున్న నేరం మాత్రం తక్షణం ఆగాలి అన్నారు జడ్జీగారు. ఆయన చేతిలో ఉన్న చట్టానికి అంతకంటే తెలియదు. అమ్మకం బందు. సరుకు స్వాధీనం.

బయటికి వచ్చి కాలవ వంతెన మీద నడుస్తుంటే మేష్టారు ఆగారు. నన్ను తిడితే బాగుండునని చూశాను. కొట్టినా బాగుండును.

"మీరు అవతల కొట్టు ఉందనుకున్నారు" అన్నారు. "అక్కడ కొట్టు లేదండి. తాళం వేసిన తలుపుంది. మీరు తలుపుతో బేరం ఆడారు."

అంతే. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

రెండో రోజు ఉదయం సరుకు జప్తు చెయ్యడానికి కోర్టు అమీనుగారు, కంపెనీ మనిషి నా షాపుకి వచ్చారు. మేష్టారు కూడా వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. కంపెనీ మనిషి కుర్రాడే, మద్రాసు వాడు, బూట్లు తళతళలాడుతున్నాయి. మేకు మీద ఉన్న తాళ్ళు ఒక్కొక్కటే దింపి, కత్తెరతో ముడులు కత్తిరించి, పొట్లాలు విప్పి, గొట్టాలు విరిచి నీళ్ళ బకెట్లో వేస్తున్నాడు. నీళ్ళు పాలలా తెల్లగా అయ్యాయి. మేష్టారు ఒక గొట్టం తీసి అతని ముందు పెట్టారు. "ఒక్కసారి నాలిక మీద వేసుకోండి. మీదీ వేసుకోండి. తేడా ఉంటే మిగిలినవి నేనే పోస్తాను." కుర్రాడు వినిపించుకోలేదు.

అప్పుడే ఆ లంకామె మెట్టెక్కింది. పరుగున వచ్చినట్టుంది, చీర మోకాళ్ళ దాకా తడి. "బాబుగారూ, ఒక తాడు ఇయ్యండి. మా పిల్లకండి. డాక్టరుగారు అదేనన్నారండి."

మేకు మీద ఒకటే మిగిలింది. కుర్రాడి చెయ్యి అప్పటికే దాని మీదికి పోతోంది. మేష్టారు లేచి, ఆ తాడు తీసి, ఆమె మెడలో దండలా వేశారు. "పన్నెండు పెద్ద ముళ్ళమ్మా. తెంపకు" అన్నారు. నన్ను ధర కూడా అడగనివ్వలేదు.

కుర్రాడు అరిచాడు. "అమీనుగారూ, అది లిస్టులో రాయండి! ఇంకొకటి ఉంది!"

అమీనుగారు పెన్ను పట్టుకుని, "ఉందాండి ఇంకా సరుకు?" అని మేష్టార్ని అడిగారు.

ఆ మనిషికి అబద్ధం రాదు. నేనైతే లేదని ఈపాటికి మూడుసార్లు అనేసేవాణ్ణి.

"ఉందండి" అన్నారు మేష్టారు. "ఆవిడ మెడలో ఉంది. తీసుకోండి, మీకు చెయ్యొస్తే."

ఆమె రెండు చేతులతో తాడు గట్టిగా పట్టుకుంది. అమీనుగారిది దెందులూరు పక్క, కొల్లేటికి దగ్గరే. ఆమెను చూశారు, ఆమె చీర తడి చూశారు, తరవాత కాగితం వంక తిరిగారు.

"షాపులో సరుకు నిల్" అని పైకి చదువుతూ రాసుకున్నారు.

"అదేమిటండీ, ఎదురుగా ఉంటే!"

"షాపులో ఉన్న సరుకు రాయమన్నారండి నన్ను. మనుషుల ఒంటి మీదవి రాయమనలేదు. మీరు పక్కకి తప్పుకోండి, ఆవిడ వెళ్ళాలి."

ఆ పిల్ల బతికింది. ఈ కథ విన్నవాళ్ళు ఇక్కడికొచ్చి హమ్మయ్య అంటారు. నాకు అప్పుడు ఒళ్ళు మండుతుంది. మర్నాడు వచ్చినవాళ్ళ సంగతి అడగరేం? "ఒక తాడు" అంటూ వచ్చినవాళ్ళకి ఖాళీ మేకు చూపించి, కంపెనీ డబ్బా తీసి, దోనె ఖరీదు చెప్పిన నోరు ఇది. ఉంగుటూరు నుంచి ఒకతను తమ్ముడి కోసం వచ్చాడు. ధర విని, సరేనన్నట్టు తల ఊపి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. బేరం కూడా ఆడలేదు. తగ్గదా అని ఒక్క మాట అని ఉంటే నా సొంతానికి నష్టమైనా ఇచ్చేసేవాణ్ణి. మెట్టు దిగి పరుగెత్తి చూశాను, బజారులో ఎక్కడా కనపడలేదు. ఆ తమ్ముడు ఏమయ్యాడో నాకు తెలియదు. కలకత్తాలో అర్జీ ఏమయిందో అదీ తెలియదు. అందినట్టు ఒక కార్డు వచ్చింది, అంతే.

ఆ తరవాత మేష్టారు ఫినాయిలు, సిరా బిళ్ళలు చేసి బతికారు. వాటి మీద ఎవరికీ పేటెంటు లేదు కాబోలు. బిస్కెట్ల డబ్బాలోనే తెచ్చేవారు. ఫినాయిలు సీసా మీద కూడా అందులో ఏముందో, ఎలా చేశారో అంతా రాసి ఉండేది. నేను చెప్పిన ధర ఇచ్చేవాణ్ణి. ఆయన పైకప్పు వంక చూసేవారు. మందుల ఊసు ఉండేది కాదు. ఆయన పోయిన సంగతి కూడా నాకు పదిహేను రోజుల తరవాత తెలిసింది. వెళితే వాళ్ళావిడ ఒక చిన్న గాజు బుడ్డి ఇచ్చారు. అడుగున చెంచాడు తెల్లపొడి. చుట్టూ లేబులు.

"ఇది మీకిమ్మన్నారండి. మీ బేరానికి కొసరన్నారు" అన్నారామె.

ఆ బుడ్డి రెండేళ్ళుగా నా కౌంటరు సొరుగులో ఉంది. మొన్న మంగళవారం దాన్ని తీసి రిప్రజెంటేటివు డబ్బా పక్కన పెట్టాను.

"మీ గొట్టం ఒకటి విప్పండి. ముందు అది, తరవాత ఇది, నాలిక మీద వేసుకోండి."

పాపం, ఆర్డరు పోతుందని వేసుకున్నాడు. మొహం ముడుచుకుపోయింది. "అబ్బ! రెండూ ఒకటేనండి. ఇది ఏ ఫ్యాక్టరీదండీ? ఇంత శుభ్రంగా ఉంది, మావాళ్ళకి చూపిస్తాను. ఎంతకిస్తారు?"

నా జన్మలో ఎవరైనా ధర అడిగితే జవాబు చెప్పకపోవడం ఇదే మొదటిసారి.

"తెలుగు చదవడం వచ్చుగా? లేబులు చదవండి. పైకి చదవండి."

అతను బుడ్డిని వెలుతురుకి ఎత్తి, వేలుపెట్టి చదివాడు.

"టైఫాయిడు మందు. మొదటి మెట్టు నుంచి తొమ్మిదో మెట్టు దాకా తాడేపల్లిగూడెంలో చేయబడినది. మేము కనిపెట్టినది కాదు, దాచిపెట్టినదీ కాదు. పేటెంటు గడువు తీరే వరకు అమ్మరాదు. ఒక తాడుకి చాలదు."